పదహారు రోజుల పండక్కి ముందు

23 ఫిబ్రవరి 2025, ఆదివారం
పోర్ట్ బ్లెయిర్

విమానం దిగేసరికి తొమ్మిదిన్నర. ఎండ చూస్తే మాత్రం మిట్టమధ్యాహ్నం అనిపించింది. దేశమంతటికీ గడియారం ఒకటే గానీ ఈ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి. సూర్యుడు ముందే వస్తాడు, ముందే వెళ్ళిపోతాడు. సాయంత్రం ఆరు కాకుండానే చీకటి పడింది. ఊరికి కిందటి సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఆటో ఆయన మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నాడు. నేనూ అలాగే రాసుకుంటాను.

గది తలుపు తీస్తే మంచం మీద గులాబీ రేకులు పరిచి, తువ్వాళ్ళతో రెండు హంసలు చేసి పెట్టారు. ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. కాసేపటికి మా ఆయన రేకులన్నీ ఏరి ఒక కాగితంలో పొట్లం కట్టారు. "ఎవరో కష్టపడి పేర్చారు, కాళ్ళకింద వేస్తే బాగోదు" అన్నారు. పెళ్ళిచూపుల రోజు మేడమీద పావుగంట మాట్లాడుకున్నాం, ఆ తర్వాత ఫోన్లు సరేసరి. వాటన్నిటికంటే ఈ మాటతోనే ఈయన నాకు కొంచెం అర్థమయ్యారు.

సెల్యులార్ జైలు చూడకుండా దీవులకు వెళ్ళొద్దని నేనే పట్టుబట్టాను. హనీమూన్‌కి వెళ్ళి జైలేంటి వదినా అని ఆడపడుచు ఫోన్లో ఒకటే అడగడం. ఈ జైలును 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు. నడుమ బురుజు, దాన్నుంచి ఏడు వరుసలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఏడు వందలకు దగ్గరగా ఉండే గదుల్లో గదికొక్క మనిషి. ఒక వరుస ముఖం ఇంకో వరుస వీపును చూసేలా కట్టారు, తోటి ఖైదీ కళ్ళు కూడా కనపడకూడదని. గడియ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. అది తలుపు దాటి బయటికి సాగి, గోడలో తొలిచిన గూట్లోకి వెళ్ళి పడుతుంది. ఊచల్లోంచి లోపలి మనిషి ఎంత చెయ్యి చాచినా అందదు. ఆ దూరాన్ని ఎవరో కూర్చుని లెక్కకట్టి ఉంటారు కదా, ఆ ఆలోచనకే నాకు కడుపులో దేవినట్టయింది.

గానుగ దగ్గర బోర్డు మీద రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలని రాసుంది. ఎద్దుల బదులు మనుషులు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్‌కు గొట్టంతో బలవంతాన పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోయింది. మనవైపు మనుషులూ ఈ దీవికి వచ్చారు. కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి, అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర. మల్లుదొర ఉరిశిక్ష తప్పి ద్వీపాంతరం వచ్చి, బతికి బయటపడి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ సంగతి చెబితే మా ఆయన ఆశ్చర్యపోయి, "మా రాజాంలో మాకెవరూ చెప్పలేదు ఇది" అన్నారు.

రాత్రి హోటల్ కుర్రాళ్ళంతా టీవీ ముందే. పాకిస్తాన్ మీద మ్యాచ్, కోహ్లీ సెంచరీ. ఆయన నన్ను అడిగి మరీ వెళ్ళి చూసొచ్చారు.

అదే రాత్రి, కొంచెం తర్వాత

ఏజెంటు ఇచ్చిన కాగితం ఇప్పుడు పూర్తిగా చదివాను. శనివారం పేరుకింద బారాటాంగ్ సున్నపురాయి గుహలు అని రాసి, పక్కన చేత్తో "దారిలో జరావాలు కనిపిస్తారు" అని ఉంది.

నేను వెళ్ళనన్నాను. డబ్బు కట్టేశామన్నారాయన. పెళ్ళయ్యాక మా మధ్య మొదటి మాట పట్టింపు ఇదే. ఆ రోడ్డు జరావా ఆదివాసుల రిజర్వు అడవి మధ్యనుంచి పోతుంది. బండ్లన్నీ ఒక వరుసగా, పోలీసు వెంట వెళ్ళాలి, ఆగకూడదు, ఫోటోలు తీస్తే నేరం. ఆ రోడ్డును ఆ మేరకు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2012లో బయటికొచ్చిన వీడియో నేను డిగ్రీలో ఉండగా టీవీలో చూశాను. తిండి ఆశచూపి జరావా ఆడపిల్లల్ని టూరిస్టుల ముందు ఆడించారు. అప్పట్నుంచీ ఆ దారి సంగతి నా మనసులో ఉండిపోయింది. గుహలే చూడాలంటే మనకు బొర్రా ఉంది. మనుషుల్ని కిటికీలోంచి చూడ్డానికి నేను సముద్రం దాటి రాలేదు.

ఇదంతా ఆయనతో గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ అనకుండా బాల్కనీలోకి వెళ్ళారు. తిరిగొచ్చి, "నాకు ఆ రోడ్డు సంగతి తెలియదు. గుహలనే అనుకున్నాను. ఏజెంటుకి పొద్దున చెబుతాను" అన్నారు. డబ్బు వెనక్కి రాదని ఇద్దరికీ తెలుసు.

24 ఫిబ్రవరి, సోమవారం
స్వరాజ్ ద్వీప్

పడవలో వచ్చాం. అద్దాల కిటికీలు, ఏసీ, సినిమా పాటలు. సముద్రం వాసనే తగల్లేదు. జెట్టీలో దిగాక నీళ్ళు చూస్తే, కిందున్న ఇసుక, దానిమీద తిరిగే చారల చేపలు అన్నీ కనిపిస్తున్నాయి. మా భావనపాడు సముద్రం ఇలా ఉండదు. అది ఎప్పుడూ కోపంగా, మట్టిరంగులో ఒడ్డును కొడుతూ ఉంటుంది.

ఈ దీవికి మునుపున్న హేవ్‌లాక్ అన్న పేరు 1857లో తిరుగుబాటును అణిచిన ఆంగ్ల సేనానిది. 2018లో మార్చారు. ఊళ్ళకు మాత్రం జనం నంబర్లే వాడుతున్నారు. మూడో నంబరు గోవిందనగర్, అయిదో నంబరు విజయనగర్, ఏడో నంబరు రాధానగర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు 1950ల్లో ప్రభుత్వం ఇక్కడ అడవి కొట్టించి భూములిచ్చింది. హోటల్ వెనకే వక్కతోట, వరి కోసిన మడి, మడిలో కొంగలు. టూరిస్టు వీధి దాటి రెండు అడుగులు వేస్తే మామూలు పల్లెటూరు.

సాయంత్రం రాధానగర్ తీరం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేలైన తీరమని రాసింది దీని గురించే. తెల్లటి పిండిలాంటి ఇసుక, వెనకే ఆకాశమంత ఎత్తున మహువా చెట్లు. అసలు ఆ చెట్లే ఈ తీరానికి అందం. ఒడ్డంతా మాలాంటి జంటలే. మోచేతుల దాకా ఎర్ర గాజులు వేసుకున్న పంజాబీ అమ్మాయిలు, మెహందీ ఇంకా నల్లగా ఉన్న రాజస్థానీ అమ్మాయిలు, నాలాగే పసుపుతాడు, మెట్టెలతో ఒక తమిళమ్మాయి. ఇద్దరం ఒకరి మెడ ఒకరు చూసుకుని పలకరించుకున్నట్టు తలూపుకున్నాం.

ఉప్పునీళ్ళకు పసుపుతాడు రంగు దిగి నా మెడ దగ్గర జాకెట్టు అంచు పచ్చబడింది. అత్తయ్య వచ్చేముందు మరీమరీ చెప్పారు: పదహారు రోజుల పండక్కి తిరిగొచ్చేయండి, ఆరోజు సూత్రాలు గొలుసులోకి మార్చాలి. రేపు నీళ్ళలో దిగితే ఈ తాడు ఏమవుతుందో అని చెబితే ఆయన, "పసుపుకొమ్ము తెచ్చావుగా, మళ్ళీ రాసుకో" అన్నారు. సూట్‌కేసులో పసుపుకొమ్ము ఉందని ఆయనకెలా తెలుసో!

25 ఫిబ్రవరి, మంగళవారం

ఈరోజు సంగతి వివరంగా రాసుకోవాలి.

మా అమ్మమ్మ చేపల గంప నెత్తినపెట్టుకుని టెక్కలి దాకా ఊళ్ళు తిరిగిన మనిషి. తాతలు, మామయ్యలు వేటకెళ్ళేవారు. ఇంత సముద్రం పక్కనే ఉండి మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ మోకాలు దాటి నీళ్ళలో దిగలేదు. వలలు బాగుచేయడం, చేపలు ఎండబెట్టడం, అమ్మడం, ఒడ్డున ఎదురుచూడడం వాళ్ళ పని. సముద్రం లోపల ఏముందో మగవాళ్ళు చెబితే వినడమే.

ఎలిఫెంట్ బీచ్‌కు చిన్న పడవలో వెళ్ళాం. ఒడ్డున పెద్దపెద్ద చెట్లు వేళ్ళతో సహా పడి, ఉప్పుకి తెల్లబారి ఉన్నాయి. 2004 సునామీ గుర్తులు. ఒకప్పుడు కలప లాగడానికి తెచ్చిన ఏనుగుల వల్ల ఈ ఒడ్డుకు ఆ పేరు. సముద్రంలో ఈదే రాజన్ అనే ఏనుగు కూడా ఈ దీవిదే, 2016లో చనిపోయింది.

ఇద్దరికీ ఈత రాదు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం, నడుముకి రబ్బరు చక్రం. చక్రాన్ని లాగే అబ్బాయి బెంగాలీ, హిందీలో ఒక్కటే మాట చెబుతున్నాడు: ముక్కుతో కాదు, నోటితో. ఆయన ముందు దిగారు. గొంతు దాకా నీళ్ళు రాగానే ముఖం పాలిపోయింది, నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నారు. గాజులు గుచ్చుకున్నాయి. "భయంగా ఉంది" అన్నారు సూటిగా. మగాళ్ళు ఆ మాట ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను మా ఇంట్లో వినలేదు. భయంగా ఉంటే ఒడ్డుకు పోదామన్నాను. వద్దు, చెయ్యి వదలకు అన్నారు.

తల ముంచాను.

మొదట నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత కిందంతా పగడాల దిబ్బ. జింక కొమ్ముల్లా చీలినవి, బండరాయిలా గుండ్రంగా ఉండి ఒళ్ళంతా ముడతలు తిరిగినవి. నీలం పెదాల పెద్ద ఆల్చిప్ప ఒకటి, మా నీడ పడగానే నోరు మూసేసింది. పసుపు, నలుపు చారల చేపలు మా అద్దాల దగ్గరికొచ్చి చూసి పోతున్నాయి. మధ్యలో చాలా మేర బూడిదరంగు కంకర. విరిగి చచ్చిన పగడం. బతికున్న దిబ్బ పక్కనే చచ్చిన దిబ్బ.

నేను పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. పగడం జంతువు, దాని కణాల్లో ఒక సూక్ష్మమైన శైవలం ఉంటుంది, వెలుతురుతో వండి పగడానికి పెడుతుంది. పగడం తినేదాన్లో ఎక్కువ భాగం ఆ శైవలం పెట్టిందే, ఆ రంగులూ చాలామట్టుకు దానివే. నీరు మామూలుకన్నా ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం దాన్ని బయటికి పంపేస్తుంది, తెల్లబారిపోతుంది. అండమాన్‌లో 2010లో అలా పెద్దఎత్తున జరిగింది, 2016లో మళ్ళీ జరిగింది. బోర్డు మీద ఏళ్ళ తరబడి బొమ్మ గీసి చెప్పిన పాఠం. గీసిన చేతికి, చూసిన కళ్ళకు ఇంత తేడా ఉంటుందనుకోలేదు. అద్దంలోపల నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, తుడుచుకోవడానికి లేదు.

ఒడ్డుకొచ్చాక కొబ్బరిబోండాం తాగుతూ ఇదంతా ఆయనకు చెప్పాను. "అయితే శైవలం పోగానే చచ్చిపోతుందా?" అన్నారు. వెంటనే కాదు, ఆకలితో కొన్నాళ్ళు ఉంటుంది, నీరు త్వరగా చల్లబడితే శైవలం మళ్ళీ వచ్చి చేరుతుంది, ఆలస్యమైతే పోతుంది అన్నాను. నా నల్లపూసల మధ్య పగడం చూపించి అది ఇక్కడిదేనా అనడిగారు. కాదు, అది ఎర్రపగడం, మధ్యధరా సముద్రంలో లోతున దొరికే వేరే జాతి. మన అమ్మమ్మల తాళిలోకి ఎన్ని వందల ఏళ్ళ కిందట ఏ ఓడల మీద వచ్చిందో.

పక్క జంటలో అబ్బాయి ఒక పగడం ముక్క చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. ఈయన లేచి వెళ్ళి నెమ్మదిగా చెప్పారు. 1972 వన్యప్రాణి చట్టంలో వీటికి పులితో సమానమైన రక్షణ ఉందని, చచ్చిన ముక్కయినా తీసుకెళ్ళకూడదని, విమానాశ్రయంలో పట్టుకుంటారని. నేను చెప్పిన గంటలోనే! ఆ అబ్బాయి తిరిగి నీళ్ళలో వేశాడు.

26 ఫిబ్రవరి, బుధవారం, శివరాత్రి

ఇద్దరం ఉపవాసం. హోటల్లో పొద్దున్నే చెబితే అరటిపండ్లు, బోండాలు గదికి పంపారు. హనీమూన్‌లో ఉపవాసమేంటని ఎవరూ అడగలేదు. వంటమనిషి తానూ ఉన్నానంది. ఆవిడ వెంట మూడో నంబరు ఊళ్ళోకి వెళ్ళాం. రేకుల కప్పు గుడి, చిన్న శివలింగం, వరసగా నిలబడి నీళ్ళు, పాలు పోస్తున్న బెంగాలీ ఆడవాళ్ళు. వాళ్ళ మంత్రం ఉచ్చారణ వేరు, మారేడు దళం ఒకటే. ఒక ముసలావిడ నా పసుపుతాడు వేళ్ళతో పట్టుకుని చూసి, తన చేతి శంఖపు గాజు చూపించింది. అక్కడ వాళ్ళకదే మంగళసూత్రంతో సమానం. భాష రాదు, అయినా ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

రాత్రి జాగారం ఒడ్డున చేద్దామన్నారాయన. తొమ్మిది దాటాక పోటు మీదుంది సముద్రం. చంద్రుడు లేడు. హోటల్ దీపాలు వదిలి చాలా దూరం నడిచాక నీళ్ళ అంచున నీలంగా ఏదో గీతలా వెలిగి ఆరింది. మొదట నమ్మలేదు. చెయ్యి పెట్టి నీళ్ళు కదిపితే వేళ్ళ మధ్య నిప్పురవ్వలు, నీలం రంగువి. పుస్తకంలో వీటి పేరు డైనోఫ్లాజెల్లేట్లు. ఒకే కణం ఉండే జీవులు, కదిలిస్తే వెలుగుతాయి. చీకటి రాత్రులైతేనే కనబడతాయి, అమావాస్య ముందురోజు రావడం మా అదృష్టం. పాదం పైకెత్తితే పట్టీల సందుల్లో, మెట్టెల చుట్టూ కొన్ని చుక్కలు అంటుకుని, ఒక క్షణం మెరిసి పోయాయి. ఆయన నా పాదం పక్కన వంగి, మళ్ళీ ముంచు, మళ్ళీ ముంచు అంటూనే ఉన్నారు.

ఇసుకలో కూర్చుని తెల్లవార్లూ మాట్లాడుకున్నాం. ఆయన పన్నెండో ఏట నాన్న పోయారని తెలుసు. ఆ తర్వాత అత్తయ్య రెండు గేదెలతో ఇల్లు ఎలా నడిపిందో, పొద్దున నాలుగింటికి పాలక్యాన్లు సైకిల్ మీద వేసి తిప్పాకే ఈయన ఎలా బడికెళ్ళారో ఇప్పుడు తెలిసింది. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా ఉందని కూడా చెప్పారు. "ముందే చెప్పాల్సింది. సంబంధం తప్పిపోతుందని మా మావయ్య చెప్పొద్దన్నాడు. నీకు తెలియకుండా ఉంచడం నావల్ల కావట్లేదు" అన్నారు.

కాసేపు నేనేమీ అనలేదు. ఎంతని అడిగాను. చెప్పారు. నెలకెంత కడుతున్నారని అడిగాను. ఇద్దరి జీతాలతో ఎన్నాళ్ళు పడుతుందో ఆ చీకట్లోనే లెక్కేసుకున్నాం. కోపం రాలేదని అబద్ధం రాయను. పెద్దవాళ్ళ మీద వచ్చింది. చెప్పిన మనిషి మీద రాలేదు. ఎమ్మెస్సీ పూర్తయ్యేదాకా పెళ్ళొద్దని నేను రెండు సంబంధాలు తిప్పికొట్టిన సంగతి, అప్పుడు నాన్న నాతో ఆర్నెల్లు మాట్లాడకపోవడం, నేనూ చెప్పాను. నాలుగున్నరకి తూర్పు తెల్లబడడం మొదలైంది.

27 ఫిబ్రవరి, గురువారం
శహీద్ ద్వీప్

నీల్ అనేవారు దీన్ని. చిన్న దీవి, సైకిల్ మీద చుట్టేయొచ్చు. ఊళ్ళ పేర్లు సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణపూర్, భరత్‌పూర్. అన్నీ ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు పెట్టుకున్న పేర్లు. అడవికి పంపబడ్డ వాళ్ళ కథ తప్ప ఇంకే కథ గుర్తొస్తుంది వాళ్ళకు! పోర్ట్ బ్లెయిర్‌కు ఇక్కడినుంచి కూరగాయలు పోతాయి. సైకిళ్ళు ఆపి ఒక మడి గట్టు మీద నిలబడ్డాం. వంగ, టమాటా, పచ్చిమిర్చి, అవతల నీలం సముద్రం.

మూడు దాటాక ఆటు. లక్ష్మణపూర్ దగ్గర నీళ్ళు వెనక్కి తగ్గి, సముద్రం తొలిచిన రాతి వంతెన దాకా నడిచి వెళ్ళగలిగాం. రాతి గుంటల్లో మిగిలిన నీళ్ళలో సముద్రపు దోసకాయలు, నక్షత్ర చేపలు. అమావాస్య కాబట్టి ఆటు ఎక్కువ.

28 ఫిబ్రవరి, శుక్రవారం

ఇద్దరికీ వీపులు ఎండకు కాలి ఎర్రబారాయి. పొద్దంతా గదిలోనే, కొబ్బరినూనె రాసుకుని నిద్రపోయాం. సాయంత్రం బజార్లో వేడి జిలేబీ.

1 మార్చి, శనివారం
పోర్ట్ బ్లెయిర్

బారాటాంగ్ వెళ్ళాల్సిన రోజు. వెళ్ళలేదు. జంగ్లీఘాట్ వెళ్ళాం.

మా అమ్మమ్మ తమ్ముడు, నాకు తాతయ్య, ఏ యాభై ఏళ్ళ కిందటో భావనపాడు నుంచి విశాఖ ఓడెక్కి ఇక్కడికొచ్చేశారు. పెళ్ళికి రాలేకపోయారు. అమ్మ సారెలోంచి అరిసెలు, పలాస జీడిపప్పు, ఒక చీర కట్టిచ్చింది. చేపలరేవు వెనక సందులో అడుగుపెట్టగానే చుట్టూ మా శ్రీకాకుళం యాసే. గుమ్మాలకు పసుపు, వాకిట్లో ముగ్గు, మూలన ఆరేసిన వల. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు. నేను పుస్తకంలో చదివిన ఆ అంకె సందులో నడుస్తుంటే పలకరించింది.

"ఏటమ్మా, ఇప్పుడా రావడం! పొద్దున్నుంచి సూస్తన్నాం" అన్నారు తాతయ్య. నేను వంగి దండం పెడితే మా ఆయనా పెట్టారు. ఇక్కడి అమ్మమ్మ, అంటే తాతయ్య భార్య, ఈయన్ని "బాబూ, ఇలా ఫేనుకింద కూకో" అంటూ కుర్చీ జరిపింది. అరిసె తుంచి నోట్లో వేసుకుని తాతయ్య కళ్ళు మూసుకున్నారు. నువ్వులు మనూరివేనా అనడిగారు. అవునన్నాను.

"నానొచ్చిన నాటికి ఇక్కడేటుంది? జెట్టీ, అడివి. ఓడ మీద మూడు రోజులు. కక్కుకుంటా వచ్చినాం. ఒక్క సీజను సూసి ఎలిపోదామనే వచ్చినాం."

సునామీ గురించి ఈయన అడిగారు. ఆ రోజు తెల్లారాక ఆరున్నరకి భూమి ఊగిందట. నిలబడలేక వీధిలో అందరూ కూర్చుండిపోయారట. "కాసేపటికి నీరు ఎనక్కి పోయింది. సేపలు కొట్టుకుంటన్నాయి బురదలో. పిల్లలు ఏరుకుందారని పోతంటే మా తమ్ముడు కేకేసి కొట్టి మరీ పైకి తోలేసినాడు. మళ్ళీ వచ్చినప్పుడు మా పడవలన్నీ రోడ్డు మీదున్నాయి." చెయ్యి పైకెత్తి గోడ మీద నీరు వచ్చిన ఎత్తు చూపించారు. ఈ చుట్టుపక్కల నేల అప్పుడు మీటరు దాకా కుంగింది. ఊరి పక్క కొన్ని వరిపొలాలు ఇప్పటికీ ఉప్పునీళ్ళ కిందే ఉన్నాయి, వచ్చేటప్పుడు చూశాం. నిలబడ్డ చెట్లు నిలబడ్డట్టే ఎండిపోయి ఉన్నాయి.

వంజరం పులుసు, అన్నం, ఎండు రొయ్యల పొడి. చింతపండు, బియ్యం, ఉల్లిపాయలు అన్నీ ఓడ మీదే రావాలి. ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. అత్త, అంటే తాతయ్య కోడలు, ఇక్కడే పుట్టి ఇక్కడే తెలుగు బళ్ళో చదువుకుంది. విశాఖ ఒకే ఒక్కసారి చూసిందట, కేజీహెచ్‌లో అమ్మమ్మకు చూపించడానికి. "మెయిన్‌ల్యాండ్ నాకు నచ్చలేదు, దుమ్ము" అంది. ఆవిడకు ఇదే సొంతూరు. నాకు ఆ మాట బాగా నచ్చింది.

వెళ్ళేముందు అమ్మమ్మ నన్ను లోపలికి పిలిచి, రంగు దిగిన నా పసుపుతాడు చూసి నొచ్చుకుంది. తన పసుపు డబ్బాలోంచి తీసి తడిపి తానే రాసింది. "నీట్లోకి దిగినావా?" అంది. దిగానన్నాను, తల ముంచి కిందదాకా చూశానన్నాను. "ఏటుంది లోన?" అంది. యాభై ఏళ్ళు ఈ నీళ్ళ పక్కన బతికిన మనిషి నన్ను అడుగుతోంది! ఆల్చిప్ప సంగతి, చారల చేపల సంగతి, పగడాల దిబ్బ సంగతి అన్నీ చెప్పాను. నోరు తెరిచి వింది. మా అమ్మమ్మ బతికుంటే ఇలాగే వినేది.

2 మార్చి, ఆదివారం
విమానాశ్రయం

పిన్ని కూతురికి వైశాఖంలో పెళ్ళి. హనీమూన్‌కి ఎక్కడికి వెళ్ళాలో రాయమని పొద్దున మెసేజ్ పెట్టింది. ఇప్పుడే రాసి పంపాను.

అండమాన్ రండి. జైలు మొదటిరోజే చూడండి, చివరికి అట్టేపెడితే మానేస్తారు. రాధానగర్‌లో ఫోటోల కోసం రోజంతా పెట్టుకోవద్దు, ఎలిఫెంట్ బీచ్‌లో తల ముంచి చూడండి. ఈత రాకపోయినా ఫరవాలేదు, పట్టుకునేవాళ్ళు ఉంటారు. వీలైతే అమావాస్య దగ్గర్లో పెట్టుకుంటే రాత్రి నీళ్ళు వెలుగుతాయి. సంచిలో ఒక్క పగడం ముక్క, ఒక్క శంఖం కూడా వేసుకోకండి. జంగ్లీఘాట్‌లో తాతయ్యావాళ్ళ ఇల్లుంది. ఫోన్ నంబరు విడిగా పంపుతాను, చింతపండు పట్టుకెళ్ళండి. బారాటాంగ్ పేరుతో జరావాల అడవి దారి మాత్రం ఏజెంటు ఎంత చెప్పినా ఒప్పుకోవద్దు. డబ్బు ముందే కట్టి ఉంటే పోనీయండి, మేమూ వదులుకున్నాం.